మూగ నీళ్ళు

ఆ సుత్తి పగడానికి ఒకప్పుడు ఇరవై రెండు తలలుండేవి. కామెన్ దేచెవ్ మొదటిసారి చూసేనాటికి అయిదు మిగిలాయి. అది ఏప్రిల్ రెండో శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు.

కామెన్ ఓడల్లో ఎలక్ట్రీషియనుగా ఇరవై ఏళ్ళు పనిచేసి మానేశాడు. రేవు పట్టణం వర్నాలో ఇళ్ళలో ఉప్పునీళ్ళ గాజుతొట్లు పెట్టి పగడాలు పెంచేవాళ్ళు ముప్పై మంది దాకా ఉంటారు. ఎవరి తొట్టిలో ఏది జబ్బుపడినా కామెన్‌కి ఫోను చేస్తారు. ఆయన పరీక్షసీసాల పెట్టె పట్టుకుని వెళ్ళి, నీళ్ళు చూసి, ఎక్కడ తప్పు జరిగిందో చెప్తాడు. ఈసారి పిలిచింది మొంచిల్ జెకోవ్. రేవులో క్రేను నడుపుతాడు. లిఫ్టు లేని బిల్డింగులో అయిదో అంతస్తు.

తొట్టి నిజానికి మొంచిల్‌ది కాదు, అతని భార్య యానిత్సాది. ఆమె కిందటి అక్టోబరులో చనిపోయింది. సుత్తి పగడాన్ని ఒక్క తలతో కొనితెచ్చి, ఆరేళ్ళలో ఇరవై రెండు తలల దాకా పెంచింది ఆమే. ఒక్కో తల నుంచి వేలెడు తీగలు బయటికి వచ్చి నీళ్ళలో ఊగుతాయి. తీగ కొసలు సుత్తిలా ఉంటాయి. ఇప్పుడు పదిహేడు తలల్లో తీగలు లేవు. తెల్లటి ఎముక ఉంది.

"మిగతావన్నీ పోయినా ఏమీ అనుకోను," అన్నాడు మొంచిల్. "ఇది పోకూడదు."

"ముందు పోయినవి ఏవి?"

"నత్తలు. తర్వాత రొయ్య. ఆ తర్వాత వీటి వంతు."

"చేపలు?"

"వాటికేం, నాకంటే బాగా తింటున్నాయి."

కామెన్ ఆ వరస కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత వేడి చూశాడు. ఉప్పు చూశాడు. సున్నం, నైట్రేటు, ఫాస్ఫేటు చూశాడు. గంటన్నర పట్టింది. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఉప్పు మాత్రం ఒక పిసరు తక్కువ.

వంటింట్లోంచి ఒకావిడ కాఫీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. నల్ల తలగుడ్డ. నడుస్తుంటే ఒక చెయ్యి గోడ మీద ఉంది. యానిత్సా తల్లి జ్లతీనా. డెబ్భై నాలుగేళ్ళు.

"పెద్దమ్మా," అన్నాడు కామెన్, "ఈ తొట్టిలో ఎవరన్నా ఏదన్నా కలిపారా? మందుగానీ, సబ్బు చేత్తో ముట్టుకోవడంగానీ?"

ఆమె ఆయన వైపు చూసింది. తర్వాత పగడం వైపు చూసింది. జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఏమీ అనుకోకండి," అన్నాడు మొంచిల్. "నాతోనూ అంతే. 'తిన్నావా', 'తలుపెయ్యి'. అక్టోబరు నుంచీ ఈ రెండే."

తొట్టి కింద అరలో ఒక నోటుపుస్తకం ఉంది. యానిత్సా రోజూ పొద్దున వేడి, ఉప్పు రాసేది. ఆమె తర్వాత మొంచిల్ రాస్తున్నాడు. అక్టోబరులో ఒక పేజీ మధ్యలో చేతిరాత మారింది. కామెన్ ఫిబ్రవరి నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాడు.

"వారానికోసారి ఉప్పు తగ్గుతోంది. తగ్గింది కొంచెమే అనుకో. కానీ ప్రతిసారీ శుక్రవారమే. ఎవరో మంచినీళ్ళు పోస్తున్నారు."

మొంచిల్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"గురువారం నాకు రాత్రి డ్యూటీ," అన్నాడు. "శుక్రవారం ఏడున్నరకి వస్తాను. తొట్టి ముందు నేల తడిగా ఉంటుంది. కింద అర తలుపు ఓరగా తీసి ఉంటుంది. తులసి వాసన వేస్తుంది. యానిత్సా తలకి తులసి నీళ్ళు రాసుకునేది. తగ్గిన నీళ్ళు పోయడానికి యంత్రం ఉన్నా నమ్మేది కాదు, చేత్తోనే పోసేది."

"మీ అత్తగారు?"

"ఆవిడ మోకాళ్ళు పోయి ఏడాదైంది. యానిత్సా నలభై రోజులూ అయ్యాక చర్చికి కూడా దిగడం మానేసింది." నోటుపుస్తకం మూసి అన్నాడు, "మీరు నవ్వుతారని ఫోనులో చెప్పలేదు."

కామెన్ నవ్వలేదు. ఒక సీసాలో నీళ్ళు పట్టుకున్నాడు. ఫిల్టరులో, లోహం తగిలితే రంగు మారే చెయ్యంత తెల్ల దూది పలక ఒకటి పెట్టాడు. మంగళవారం దాకా దాన్ని ముట్టుకోవద్దన్నాడు.

మంగళవారం సాయంత్రానికి తెల్ల పలక నీలంగా మారింది.

"రాగి," అన్నాడు కామెన్. "సీసాలో నీళ్ళూ అదే చెప్పాయి. లీటరుకి 0.15 మిల్లీగ్రాములు. చేపలు తట్టుకుంటాయి. వెన్నెముక లేనివి తట్టుకోలేవు."

ఇద్దరూ రాగి కోసం వెతికారు. పంపులు విప్పారు. హీటరు గాజు పగిలిందేమో చూశారు. దీపాల తీగలు చూశారు. నీళ్ళు వడగట్టే గొట్టాల బిగింపులు ప్లాస్టిక్‌వే. ఇసకలో నాణెం పడిందేమోనని మొంచిల్ మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టాడు. యానిత్సా జుట్టుకి పెట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి దొరికింది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. రాగి ఎక్కడా లేదు. సుత్తి పగడానికి నాలుగు తలలు మిగిలాయి.

"యానిత్సా నాకు చెడు చెయ్యదు," అన్నాడు మొంచిల్.

కామెన్ పెట్టె మూసి కిందికి దిగాడు.

బిల్డింగు ముందు బెంచీ మీద రెండో అంతస్తు దోబ్రిన్కా పొద్దుతిరుగుడు గింజలు నములుతోంది. కామెన్ ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఏరా, చేపల డాక్టరువయ్యావంట. సముద్రం పక్కన కూచుని, కొట్లో ఉప్పు కొని, కుళాయి నీళ్ళలో కలిపేవాళ్ళని నా జన్మలో చూడలేదు."

"మన సముద్రంలో ఉప్పు సగమే పిన్నీ. పగడాలకి సరిపోదు."

"ఓహో, మన సముద్రం వాటికి ఆనదా. పోనీ మా ఆయన్ని చూడు. ఏడాదిగా రంగు మారాడు. కదలడు, తినడానికి మాత్రం నోరు తెరుస్తాడు."

"ఆయనకి నీళ్ళు మార్చి చూడు."

"ఆయన నీళ్ళు ముట్టడు, అదే జబ్బు." ఆమె గింజపొట్టు ఊసింది. "పైన జ్లతీనా ఎలా ఉంది? నాతో మాట్లాడ్డం మానేసిందిలే మహాతల్లి. నా కూతురు పెళ్ళికి నా పక్కన కూచుని ఏడ్చిన మనిషి. మొన్న శుక్రవారం పొద్దున నేను బేకరీకి పోతుంటే ఎదురొచ్చింది. 'ఇంత పెందళాడే ఎక్కడికే' అన్నాను. మొహం తిప్పుకుని పోయింది. అంతకు ముందు శుక్రవారమూ అంతే. చేతిలో రాగి బిందె ఒకటి, మ్యూజియంలోంచి ఎత్తుకొచ్చినట్టు."

కామెన్ పెట్టెని బెంచీ మీద పెట్టాడు.

ఆయన అమ్మమ్మది స్త్రాంజా కొండల్లో ఊరు. జ్లతీనాదీ అటువైపే. ఆ ఊళ్ళలో మనిషికి తగ్గని జబ్బు చేస్తే మూగ నీళ్ళు తెస్తారు. తెల్లవారకముందే ఊట దగ్గరికి వెళ్ళాలి. రాగి బిందెలోనే పట్టాలి. దారిలో ఎవరు పలకరించినా పలకకూడదు, వెనక్కి చూడకూడదు, బిందె నేల మీద పెట్టకూడదు. నోరు విప్పితే అవి మామూలు నీళ్ళయిపోతాయి. ఎవరి కోసం తెచ్చారో ముందూ చెప్పకూడదు, తర్వాతా చెప్పకూడదు. కామెన్‌కి ఏడో ఏట జ్వరం వస్తే అమ్మమ్మ ఆ నీళ్ళతోనే మొహం కడిగింది. ఎక్కడివని అడిగితే నోటి మీద చెయ్యి పెట్టి నొక్కింది.

శనివారం తన ప్రశ్నకి జ్లతీనా ఎందుకు జవాబు చెప్పలేదో ఆయనకి అర్థమైంది.

పైకి వెళ్ళి చెప్పవచ్చు. చెప్తే మొంచిల్ నమ్మడు. అతను నమ్మినా ఆమె ఒప్పుకోదు. శుక్రవారానికి ఇంకో బిందెడు పడితే ఆ నాలుగు తలలూ ఉండవు. కామెన్ కారులో కూర్చుని మొంచిల్‌కి ఫోను చేశాడు.

"గురువారం డ్యూటీకి సెలవు పెట్టు."

"నేనుంటే రాదు," అన్నాడు మొంచిల్.

"డ్యూటీకి వెళ్తున్నట్టే ఇంట్లోంచి వెళ్ళు. నాలుగున్నరకి కింద నా కారులో ఉండు."

శుక్రవారం నాలుగూ నలభైకి ఇద్దరూ బిల్డింగుకి ఎదురుగా కారులో ఉన్నారు. పొగమంచు వల్ల పై అంతస్తు కనబడలేదు. మెట్ల దీపం నొక్కితే రెండు నిమిషాలు వెలిగి ఆరిపోయే రకం. అయిదూ పదికి పొగమంచులో పైన వెలిగింది. ఆరిపోయింది. తర్వాత నాలుగో అంతస్తు కిటికీలో వెలిగింది. ఆరిపోయింది. కింద దాకా వెలగడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది.

తలుపు తెరుచుకుంది. పసుపు రెయిన్‌కోటు వేసుకుని, టోపీ మొహం మీదికి లాక్కుని, ఒక ఆడమనిషి బయటికి వచ్చింది.

ఆ రెయిన్‌కోటు యానిత్సాది. మొంచిల్ చెయ్యి కారు తలుపు మీదికి పోయింది.

"యానిత్సా," అన్నాడు. పిలిచినట్టు కాదు, ఎవరికో చూపించినట్టు.

కామెన్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె కమ్మీ పట్టుకుని పక్కకి తిరిగింది. ఒక్కో మెట్టుకి రెండు కాళ్ళూ మోపుతూ దిగింది. చంకలో ఖాళీ బిందె ఉంది. మొంచిల్ తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. ఆమె పేట చివర ఊట ఉన్న వైపు నడిచి పొగమంచులోకి వెళ్ళిపోయింది. అతను ఆ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"చలికాలమంతా దిగలేదు," అన్నాడు చివరికి.

ఇద్దరూ పైకి వెళ్ళి తొట్టి గదిలో కూర్చున్నారు. ఆరింటికి గడియారం ప్రకారం నీలం దీపం వెలిగింది. పగడానికి రెండు తలలు మిగిలాయి. వాటిలో ఒకటి సగమే తెరుచుకుంది. ఆరూ ఇరవైకి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మూడు అడుగులు, ఊపిరి, మళ్ళీ మూడు అడుగులు. ప్రతి అంతస్తులోనూ చాలాసేపు ఆగింది. మొంచిల్ లేచి తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు.

జ్లతీనా తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. రెండు చేతులతో బిందెని రొమ్ముకి ఆనించి పట్టుకుంది. అల్లుణ్ణి చూసింది, కామెన్‌ని చూసింది. పెదాలు బిగించింది.

"అత్తయ్యా," అన్నాడు మొంచిల్.

ఆమె పలకలేదు. అతని పక్క నుంచి తొట్టి దగ్గరికి వెళ్ళబోయింది. అతను కదల్లేదు.

కామెన్ నీలం పలకని ఆమె కళ్ళ ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, నువ్వు మాట్లాడక్కర్లేదు, విను. మా అమ్మమ్మా తెచ్చేది. తప్పు నీళ్ళది కాదు, బిందెది. కళాయి పోయి ఎన్నేళ్ళయిందో చూడు. లోపలంతా చిలుము. ఊటనీళ్ళు ఆ చిలుముని కడిగి తెస్తున్నాయి. ఇది తెల్లటి దూది. మూడు రోజుల్లో ఇలా అయింది. మనిషికి ఏమీ కాదు, మొహం కడుక్కుంటే పోతుంది. ఈ పగడం మొహం కడుక్కోలేదు. ఇరవై నాలుగ్గంటలూ ఈ నీళ్ళలోనే ఉంటుంది."

ఆమె పలకని చూసింది. బిందెలోకి వంగి చూసింది. నీళ్ళ మీద ఒక తులసి రెమ్మ ఉంది. నీళ్ళు తేటగానే ఉన్నాయి, కింద బిందె గోడలు పచ్చగా ఉన్నాయి. బిందె ఒరిగి కొన్ని నీళ్ళు పసుపు కోటు మీద పడ్డాయి. కింద పెట్టడానికి లేదు. మొంచిల్ జరగలేదు. ఆమె మొహం మీద చెమట చుక్కలు గడ్డం దాకా జారడం కామెన్ చూశాడు.

"చేతులు లాగేస్తున్నాయి," అంది జ్లతీనా. "పట్టుకో అల్లుడూ."

మొంచిల్ బిందె అందుకున్నాడు.

ఆమె కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

"ఎన్ని వారాలు?" అని కామెన్‌ని అడిగింది.

"పుస్తకంలో పది ఉన్నాయి. ఇది పదకొండోది."

"ముందు చెంబెడు పోసేదాన్ని. అది ముడుచుకుపోతుంటే చాలడం లేదనుకున్నాను. మూడు వారాల నుంచి బిందెడు తెస్తున్నాను." ఆమె తొట్టి వైపు చూడలేదు. "పోయగానే తీగలన్నీ లోపలికి లాక్కునేది. తాగుతోందనుకున్నాను."

కామెన్ నీలం పలకని బల్ల మీద పెట్టాడు.

"ఆస్పత్రిలో నీళ్ళడిగింది," అంది. "ఆపరేషనుకి ముందు ఇవ్వొద్దన్నారు. నేనివ్వలేదు."

"నాకు తెలుసు అత్తయ్యా."

"నీకేం తెలుసు. నువ్వు కింద కాగితాల మీద సంతకాలు పెడుతున్నావు. మూడుసార్లు అడిగింది. మూడోసారి 'ఏవండీ, కాసిని నీళ్ళిప్పిస్తారా' అంది. నన్ను నర్సనుకుంది." ఆమె తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంది. "నలభై రోజులూ సమాధి మీద పోశాను. మట్టి పీల్చేసేది. తాగిందో లేదో తెలీదు. ఇక్కడ మాత్రం కళ్ళకి కనబడేది."

మొంచిల్ బిందె పట్టుకుని నిలబడే ఉన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తెలిసినట్టు లేదు.

కామెన్ చేతులు తొట్టిలో పెట్టి దగ్గర్నుంచి చూశాడు. సగం తెరుచుకున్న తల ముట్టుకుంటే చితికిపోయింది. రెండో తల గట్టిగా ఉంది.

"ఒక్కటి బతకొచ్చు," అన్నాడు. "ఇక్కడ కాదు. నీళ్ళు మార్చినా లాభం లేదు. రాళ్ళూ ఇసకా రాగిని తాగేశాయి, నెలల తరబడి వదుల్తూనే ఉంటాయి. కోసి మా ఇంటికి తీసుకుపోవాలి. అదీ ఇవాళే."

"ఇంట్లోంచా?" అన్నాడు మొంచిల్.

"అవును."

"వద్దు."

"ఇక్కడుంటే ఆదివారం చూడదు, మొంచిల్."

"ఇది ఇక్కడ లేకపోతే ఆమె ఎక్కడికి వస్తుంది?"

"వచ్చిందెవరో నీ కళ్ళతో చూశావు కదా."

"చూశాను." అతను తొట్టి ముందు నుంచి కదల్లేదు. "అయినా వద్దు."

కామెన్ గడియారం చూసుకున్నాడు. తొట్టి తనది కాదు. పెట్టెలో రంపం బయటికి తీయకుండా ఊరుకున్నాడు.

"అల్లుడూ," అంది జ్లతీనా. "అడిగినప్పుడు నువ్వూ నేనూ డాక్టర్ల మాట విన్నాం. అడగనప్పుడు నేను నా మాట విన్నాను. రెండుసార్లూ పోయింది మనం పట్టుకున్న చోటే. ఇప్పుడన్నా పోనీ, బతికే చోటికి పోనీ."

"మీకెలా ఉంటుంది మరి? పొద్దున లేచి దేన్ని చూస్తారు?"

"నిన్ను చూస్తాను. ఏం బాగుంటావని కాదు, ఇంకెవరున్నారు?"

మొంచిల్ మొహంలో ఏదో కదిలింది. నవ్వు అనడానికి లేదు. బిందె పట్టుకునే రెండడుగులు పక్కకి వేశాడు.

కామెన్ పగడాన్ని పైకి తీసి వెడల్పు పళ్ళెంలో పెట్టాడు. బతికిన తలకి కింద రెండు అంగుళాలు వదిలి, ఎముక దగ్గర కోశాడు. పొడి తెల్లగా రాలింది. ఇంటి నుంచి తెచ్చిన ఉప్పునీళ్ళ సంచిలో తలని పెట్టి, గాలి నింపి, మూతి కట్టాడు. మిగిలిన ఇరవై ఒక్క తలల ఎముకని ఏం చెయ్యమంటారని అడిగాడు. ఎక్కడిది అక్కడే పెట్టమన్నాడు మొంచిల్. కామెన్ పెట్టాడు.

మెట్లు దిగేటప్పుడు పైన అయిదో అంతస్తు తలుపు తెరిచే ఉంది. ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. ఆమె పసుపు కోటు ఇంకా విప్పలేదు.

కామెన్ ఇల్లు కాలవకి దక్షిణాన, అస్పారుహోవోలో. తలని వేరే చిన్న తొట్టిలో పెట్టాడు. అందులో ఒక పంపు, ఒక దీపం, మంచి రాయి ఒకటి ఉన్నాయి. రోజూ రెండుసార్లు చూశాడు. మొదటి రోజు ముడుచుకునే ఉంది. నాలుగో రోజు అంచుల్లో మాంసం కొంచెం తెల్లబడింది. పోయిందనుకున్నాడు. ఆరో రోజు తెల్లబడడం ఆగింది. మొంచిల్ ఫోను చెయ్యలేదు. కామెన్ కూడా చెయ్యలేదు.

పన్నెండో రోజు పొద్దున ఏడింటికి గదిలోకి వెళ్ళేసరికి తీగలన్నీ బయటికి వచ్చి ఉన్నాయి. కామెన్ లెక్కపెట్టాడు. పద్దెనిమిది. ఫోను చేశాడు.

"తెరుచుకుంది," అన్నాడు.

"పూర్తిగానా?" అన్నాడు మొంచిల్.

"పూర్తిగా. ఇక బతికినట్టే."

మొంచిల్ ఆ మాట పక్కనున్న మనిషికి చెప్పాడు. వెనక నుంచి జ్లతీనా గొంతు వినబడింది. మొంచిల్ మళ్ళీ ఫోనులోకి వచ్చాడు.

"ఎటు చూస్తోందని అడుగుతోంది."

"దానికి కళ్ళెక్కడున్నాయి? నీళ్ళు ఎటు తోస్తే అటు వాలుతుంది."

"అదే. ఎటు?"

కామెన్ తొట్టి వైపు తిరిగాడు. కిటికీలోంచి వంతెన కనబడుతోంది. వంతెనకి అవతల, గుట్ట మీద, మొంచిల్ వాళ్ళ పేట బిల్డింగులు కనబడుతున్నాయి. పద్దెనిమిది తీగలూ కిటికీ వైపు చాచి ఉన్నాయి.

"ఉత్తరానికి," అన్నాడు.

మొంచిల్ ఆ మాట ఆమెకి చెప్పాడు. ఆమె ఏమందో కామెన్‌కి వినబడలేదు. మొంచిల్ థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

ఫోను బల్ల మీద పెట్టాక కామెన్‌కి పంపు సంగతి గుర్తొచ్చింది. దాన్ని మొదటి రోజే తొట్టికి కిటికీ వైపు గాజుకి బిగించాడు. నీళ్ళని అది దక్షిణానికి తోస్తుంది. ఆగిపోయిందేమోనని చెయ్యి పెట్టి చూశాడు. నడుస్తోంది. చిటికెడు మేత తీసి పంపు ముందు వదిలాడు. నలకలు తీగల పక్క నుంచి జారి దక్షిణం వైపు గాజుకి వెళ్ళి తగిలాయి. తీగలు కిటికీ వైపే ఉన్నాయి.

ఇంకో చిటికెడు వేశాడు. కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నాడు.